నెలకు 52 వేలు వస్తున్నాయి, 20వ తారీఖుకల్లా చేబదులు ఎందుకు అడగాల్సి వస్తోంది?

ఆటోనగర్_పద్దులు:

అందరికీ నమస్తే. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదలు. మాది విజయవాడ, సింగ్‌నగర్‌లో అద్దెకుంటాం. నేను ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ షాపులో లెక్కలు రాస్తాను, చేతికి 34 వేలు వస్తాయి. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, తనకి 18 వేలు. పాప ఆరో తరగతి, బాబు రెండో తరగతి, మా అమ్మ మాతోనే ఉంటుంది. పొద్దస్తమానం పరాయివాళ్ల పద్దులు పైసలతో సహా సరిచూసేవాడికి సొంత ఇంటి పద్దు తేలట్లేదు, నవ్వుకున్నా పర్లేదు.

నెల ఖర్చు ఇదీ: అద్దె 11 వేలు. సరుకులు, కూరలు, పాలు అన్నీ కలిపి 13,500. కరెంటు, గ్యాసు, వైఫై, ఫోన్లు 3,600. పెట్రోలు 3 వేలు. అమ్మ బీపీ, షుగరు మందులు 2,200. పిల్లల స్కూలు ఆటో 2,400. బైకు ఈఎంఐ 3,400, ఇంకా తొమ్మిది నెలలుంది. రెండున్నర లక్షల చీటీ ఒకటి నెలకు 5 వేల చొప్పున కడుతున్నాం, 50 నెలల చీటీలో 22 నెలలు అయ్యాయి, ఇంకా పాడలేదు. లక్షన్నర అప్పుంది, నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే నెలకు 3 వేలు వడ్డీకే. మొత్తం 47,100. కాగితం మీద 4,900 మిగలాలి. మిగలదు. 20వ తారీఖు వచ్చేసరికి కార్డు గీకడమో బావమరిదిని అడగడమో. క్రెడిట్ కార్డు మీద 38 వేలు పేరుకుంది, మినిమమ్ కట్టుకుంటూ వస్తున్నాను.

ఆ లక్షన్నర ఎందుకు చేశామో కూడా చెప్తాను, లేకపోతే ఎవరైనా జల్సాలు అనుకుంటారు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు వచ్చినప్పుడు మేం కింది పోర్షన్‌లో ఉన్నాం. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మంచాలు, పరుపులు, బైకు అన్నీ మురుగు నీళ్లలో రోజుల తరబడి నానిపోయాయి. కింది అంతస్తు ఇళ్లకి ప్రభుత్వం 25 వేలు ఇచ్చింది, కాదనను, కానీ ఇల్లు మళ్లీ మొదటి నుంచి కొనుక్కోవాలంటే అది ఏ మూలకు? బైకుకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మాత్రమే ఉంది కాబట్టి అందులో రూపాయి రాలేదు. తెలిసినాయన దగ్గర నోటు రాసి తెచ్చాం. ఇప్పుడు పై అంతస్తుకి మారాం, అద్దె కూడా అందుకే పెరిగింది.

ఎక్కడ తేడా కొడుతోందో చెప్పండి. యాప్‌లో రోజూ ఖర్చులు రాసి కూడా చూశాను, రెండు నెలలకే విసుగొచ్చింది.

బెంజిసర్కిల్_బాటసారి:

13,500 తిండికా బ్రదర్? బయట టిఫిన్లు, ఆదివారం బిర్యానీలు ఇందులోనే ఉండుంటాయి. ఫోన్‌పేలో నెల హిస్టరీ తీసి చూసుకో, 20, 40, 60 రూపాయలవి ఎన్ని ఉన్నాయో. నేనైతే టీకి బయటికెళ్లడం మానేశాను, నెలకు 1,200 మిగిలింది.

ఆటోనగర్_పద్దులు:

అన్నా, ఐదుగురు మనుషులం, అందులో ఇద్దరు పెరిగే పిల్లలు. బిర్యానీ నెలకు ఒకసారి, అదీ ఒక్క ఫ్యామిలీ ప్యాక్. టీ షాపు ఓనరే తాగిస్తాడు. మీరన్నట్టు హిస్టరీ చూశాను, చిల్లర ఖర్చులు మొత్తం 1,700 తేలాయి. తగ్గించొచ్చు, నిజమే, కానీ నన్ను ముంచుతోంది అది కాదు అనిపిస్తోంది.

బ్రాడీపేట_మాస్టారు:

బాబూ, నేను గుంటూరులో లెక్కల మాస్టారిగా చేసి రిటైరయ్యాను. నువ్వు రాసిన పద్దంతా నెల పద్దు. స్కూలు ఆటో రాశావు, స్కూలు ఫీజు ఏదీ? ఎల్ఐసీ ఉందా? సంక్రాంతికి మీ అత్తగారి ఊరు వెళ్లరా? ఎండాకాలం కరెంటు బిల్లు 3,600లో ఎలా ఇమిడింది? ఏడాదికి ఒకసారో రెండుసార్లో వచ్చే ఖర్చులన్నీ ఒక కాగితం మీద రాసి కూడి చూడు. ఒక్కటి కూడా వదలకు, పెళ్లి చదివింపులతో సహా. రాశాక మళ్లీ ఇక్కడికి రా.

ఆటోనగర్_పద్దులు:

మాస్టారూ, రాశాను. రాత్రి ఆవిడా నేనూ కూర్చుని రాశాం. ఫీజులు ఇద్దరికీ కలిపి 70 వేలు. పుస్తకాలు, యూనిఫారాలు, బూట్లు 14 వేలు. ఎల్ఐసీ 18 వేలు. బండి ఇన్సూరెన్సు 1,500. సంక్రాంతికి ప్రయాణం, బట్టలు, పిండివంటలు 15 వేలు, దసరాకి 6 వేలు. ఏసీ వల్ల ఏప్రిల్, మే, జూన్ కరెంటు బిల్లులు నెలకు 2 వేల చొప్పున అదనం, అంటే 6 వేలు. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు 10 వేలు. ఆవకాయ, మాగాయకి 3,500, ఇది మా అమ్మ గుర్తు చేసింది.

మొత్తం 1,44,000. మూడు సార్లు కూడాను. పన్నెండుతో భాగిస్తే నెలకు సరిగ్గా 12 వేలు. అంటే నాకు నెలకు 4,900 మిగులు కాదు, 7,100 లోటు. ఏడాదికి 85 వేల పైచిలుకు. జూన్‌లో ఫీజులకి కార్డు గీకుతాం, అది కట్టడానికి మిగతా నెలలన్నీ తన్నుకుంటాం, ఇంతలో సంక్రాంతి వస్తుంది.

సిగ్గేసేదేంటంటే షాపు లెక్కల్లో ఈ పని నేనే చేస్తాను. బోనస్ దసరాకి ఇచ్చేదైనా నెలనెలా దానికి కొంత పక్కన పెట్టినట్టు ప్రొవిజన్ రాస్తాను. ఇంటికి మాత్రం ఎప్పుడూ తట్టలేదు.

బ్రాడీపేట_మాస్టారు:

సిగ్గెందుకు, నేను పిల్లలకి చక్రవడ్డీ బోర్డు మీద చెప్పుకుంటూ ఇంట్లో పదేళ్లు నూటికి మూడు రూపాయల వడ్డీ కట్టాను.

ఇప్పుడు విను. ముందు వడ్డీల సంగతి. నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. చాలామందికి ఆ రెండు అనే మాట చిన్నగా వినిపిస్తుంది, అక్కడే దెబ్బ తింటారు. క్రెడిట్ కార్డు ఇంకా ఘోరం, నెలకు మూడున్నర శాతం చుట్టుపక్కల వేస్తారు, అంటే ఏడాదికి 42. మినిమమ్ కడుతున్నంతకాలం అసలు కదలదు, పైగా బాకీ ఉన్నన్నాళ్లూ కొత్తగా గీకినదానికి కూడా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. నీ లెక్కే చూడు: నోటు మీద 3 వేలు, కార్డు మీద దాదాపు 1,330, కలిపితే నెలకు 4,330 వడ్డీలకే పోతోంది. మీ అమ్మగారి మందులకి రెట్టింపు.

ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టు. వీధి చివరి తాకట్టు కొట్టుకి కాదు, బ్యాంకుకి. 9 శాతం చుట్టుపక్కల ఇస్తున్నారు. రెండు బాకీలూ కలిపి 1,88,000 తెచ్చి ఒకేసారి తీర్చేస్తే నెలకు వడ్డీ 1,410 అవుతుంది, అంటే 2,920 మిగులు. నీ 7,100 లోటులో కార్డు వడ్డీ రాయలేదు, అది కలిపితే లోటు 8,430, ఇప్పుడు 5,510కి దిగింది. తొమ్మిది నెలల్లో బైకు ఈఎంఐ అయిపోతే ఇంకో 3,400. అప్పుడు మిగిలే లోటు 2,110. దాన్ని కొంతవరకు ఆ బెంజి సర్కిల్ అబ్బాయి చెప్పిన చిల్లర ఖర్చుల్లో పట్టుకోవచ్చు, ఆయన మాట కూడా కొంత నిజమే.

తర్వాత ఆ 12 వేల సంగతి. జీతం పడ్డ రోజే వేరే ఖాతాలోకి మార్చెయ్, ఆ ఖాతాకి యూపీఐ పెట్టకు, ఏటీఎం కార్డు ఇంట్లో ఉండనీ. ఫీజుల డబ్బు వరకు బ్యాంకులో ఏడాది ఆర్డీ, అంటే నెలనెలా కట్టే డిపాజిట్, వేసి మే నెలాఖరుకి చేతికొచ్చేలా చూసుకో. పోస్టాఫీసు ఆర్డీ దీనికి పనికిరాదు, అది ఐదేళ్లది, మూడేళ్లు నిండకుండా మూయనివ్వరు. మొదట్లో 12 వేలు తీయలేవు, తెలుసు. ఐదుతో మొదలుపెట్టు. ఈ ఏడాది జూన్‌కి పూర్తిగా సరిపోకపోయినా కార్డు మీద పడే భారం సగానికి తగ్గుతుంది.

పాత_బియ్యం:

మాస్టారి లెక్క చూశాక నేను ఏమీ రాయక్కర్లేదనుకున్నాను గానీ వంటింటి వైపు ఎవరూ రాలేదు కాబట్టి రాస్తున్నా. మాది పటమట, ఉద్యోగం గుంటూరులో.

తమ్ముడూ, 13,500 ఐదుగురికి ఎక్కువేం కాదు. కానీ సరుకులు ఎలా కొంటున్నారో చూసుకోండి. నెలకోసారి సూపర్ మార్కెట్‌కి ట్రాలీ తోసుకుంటూ వెళ్తే రాసుకున్న చీటీలో లేనివి ఓ వెయ్యి రూపాయలవి బుట్టలో పడతాయి, పిల్లల్ని తీసుకెళ్తే ఇంకా ఎక్కువ. బియ్యం నేను 26 కిలోల బస్తా తెస్తాను. ఈ 26 ఏంటా అని చాలా రోజులు అనుకున్నాను, 2022 జూలై నుంచి 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగ్‌కి 5 శాతం జీఎస్టీ వేశారు కదా, మిల్లులవాళ్లు కిలో పెంచి దాన్ని తప్పించారట. కూరలు రైతు బజార్లో, అక్కడ బోర్డు మీద రేటు రాసి ఉంటుంది కాబట్టి బేరంతో పని లేదు.

మా అత్తగారి కాలంలో ఏడాది సరుకు ఒకేసారి కొనేవాళ్లు. కొత్త చింతపండు, కొత్త మిరపకాయలు వేసవి ముందే వస్తాయి, గుంటూరు నుంచి వచ్చేటప్పుడు నేనే మిరపకాయలు తెచ్చి ఎండబెట్టి కారం పట్టిస్తాను. చింతపండుకీ కారానికీ ఇది బాగుంటుంది. కందిపప్పు మాత్రం ఏడాదికి కొనొద్దు, అపార్ట్‌మెంట్లలో ఎండ తగిలేలా పోసే చోటే ఉండదు, నాకు ఒకసారి పది కిలోలు పురుగు పట్టి పోయింది. ఇంకోటి, అప్పు చేసి ఏడాది సరుకు కొనడం అంత తెలివితక్కువ పని లేదు. అది డబ్బు చేతిలో ఉన్నవాళ్ల సూత్రం.

కరెంటు మాట వచ్చింది కాబట్టి, మన దగ్గర శ్లాబులు ఎలా ఉన్నాయో బిల్లు వెనక్కి తిప్పి చదవండి. 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్ 6 రూపాయలు, 225 దాటిన ప్రతి యూనిట్‌కీ 8.75, 400 దాటితే 9.75. సర్దుబాటు చార్జీలు మళ్లీ వేరే. అంటే ఏసీ వల్ల ఎక్కే యూనిట్లన్నీ ఖరీదైన శ్లాబులోనే పడతాయి. రోహిణి కార్తెలో పెద్దావిడకి ఏసీ వద్దని ఎవరూ చెప్పలేరు, కాకపోతే 26 మీద పెట్టి ఫ్యాను తిప్పితే చాలు, అందరూ రాత్రి ఆ ఒక్క గదిలోనే పడుకోండి. మా ఇంట్లో అలా చేశాం, పిల్లలకి అదో సరదా.

చివరగా నా అనుభవం ఒకటి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అయ్యాక నాకు నెలకు 2 వేల దాకా మిగలడం మొదలైంది. మిగిలిందనే అనుకున్నాను, మొదటి రెండు నెలలు ఆ డబ్బు ఎటు పోయిందో నాకే తెలియదు! చేతిలో ఉంటే అంతే. మూడో నెల నుంచి ఒకటో తారీఖునే 2 వేలు పోస్టాఫీసు ఆర్డీకి పంపుతున్నాను, 6.7 శాతం. అది పిల్ల కాలేజీకి, మధ్యలో ముట్టుకోకూడదనే అందులో వేశాను. కాబట్టి మాస్టారు పనికిరాదన్నది నాకు పనికొచ్చింది, వేరు వేరు అవసరాలు మరి.

కొత్త_జీతగాడు:

పాపకి సుకన్య తెరవండి అన్నా, 8.2 శాతం ఇస్తున్నారు, దీన్ని మించింది లేదు.

పాత_బియ్యం:

బాబూ, ఆరో తరగతి పాప అంటే పదేళ్లు దాటే ఉంటాయి. పదేళ్లలోపు పిల్లలకే సుకన్య ఖాతా తెరుస్తారు. అయినా 42 శాతం కార్డు బాకీ పెట్టుకుని 8 శాతం పొదుపు ఎవరు చేస్తారు?

కాలనీ_చీటీ_బాధితుడు:

అందరూ చీటీని వదిలేశారు. అది రిజిస్టరైన చీటీయేనా? ఎందుకు అడుగుతున్నానంటే, మా కాలనీలో ఒకావిడ పదిహేనేళ్లు నమ్మకంగా నడిపిన చీటీలో నేను 1,80,000 పోగొట్టుకున్నాను. ఒక సోమవారం పొద్దున తాళం వేసి ఉంది, అంతే. పోలీసు స్టేషన్‌కి వెళ్తే కాగితం ఏదని అడిగారు, నా దగ్గరున్నది ఆవిడ సంతకం పెట్టిన చిన్న డైరీ ఒక్కటే.

1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం చీటీ మొదలుపెట్టేముందే ప్రభుత్వం దగ్గర అనుమతి తీసుకోవాలి, గ్రూపు రిజిస్టర్ చేయించాలి, నిర్వాహకుడు ఆ చీటీ మొత్తానికి సరిపడా డిపాజిట్ చూపించాలి. చందాదారుడికి అగ్రిమెంటు కాపీ ఇవ్వాలి. ఆ కాపీ మీ బీరువాలో ఉందో లేదో ఈ రాత్రే చూడండి. కమిషన్ ఇదివరకు 5 శాతం ఉండేది, 2019 సవరణలో 7 దాకా తీసుకోవచ్చన్నారు.

రిజిస్టరైనదే అయితే ఇప్పుడే పాడేసి అప్పులు తీర్చెయ్యొచ్చు కదా, బంగారం జోలికెందుకు? 50 వేలకి పాట పోయినా 2 లక్షలు చేతికొస్తాయి.

ఆటోనగర్_పద్దులు:

రిజిస్టరైనదే, అగ్రిమెంటు కాపీ దొరికింది, ఎప్పుడూ తెరిచి చదవలేదు. మీకు జరిగినదానికి బాధగా ఉంది సార్.

పాడేద్దామని ఫోన్ చేశాను. ఇంకా 28 వాయిదాలున్నాయి కాబట్టి ముగ్గురు జామీనుదారులు కావాలన్నారు, వాళ్లలో ఒకరు గవర్నమెంటు ఉద్యోగి అయి ఉండాలట. మా చుట్టాల్లో ఉన్నది ఒక్కడే, మా పెద్దమ్మ కొడుకు. వాడిని అడగడం కంటే వడ్డీ కట్టుకోవడం నయం. బంగారం మాటేమో మా ఆవిడ దగ్గర ఇంకా ఎత్తలేదు, పుట్టింటివాళ్లు పెట్టింది, నా నోరు రావట్లేదు.

పాత_బియ్యం:

మీరు ఎత్తకపోతే ఆవిడే ఈ పేజీ చదివి ఎత్తుతారు. రెండు రూపాయల వడ్డీ కట్టేది ఆవిడ జీతంలోంచి కూడా కదా. లెక్క మొత్తం ముందు పెట్టి అడగండి, నగ ఒక్కటే అడిగితే ఎవరికైనా కోపమొస్తుంది.

బ్రాడీపేట_మాస్టారు:

జామీను సంగతి విన్నాక నా మాట మారలేదు. చీటీ ఇప్పుడు ముట్టుకోకు. ముందుకు పోయేకొద్దీ పాట తగ్గుతుంది, పాడకుండా మిగిలినవాళ్లే తక్కువ కాబట్టి పోటీ ఉండదు. కట్టాల్సిన వాయిదాలు తగ్గితే జామీను కూడా తేలికవుతుంది. ముప్పై అయిదో నెల తర్వాత పాడి ఆ డబ్బుతో బంగారం విడిపించు. ఈలోపు గోల్డ్ లోన్ గడువు ఎక్కువగా ఏడాదే, తారీఖు క్యాలెండర్‌లో ఎర్రసిరాతో రాసుకో, మర్చిపోతే వేలం నోటీసు వస్తుంది. నెలనెలా వడ్డీతో పాటు అసలులో కూడా ఎంతో కొంత కడుతూ ఉంటే రెన్యువల్ అప్పుడు ఇబ్బంది ఉండదు.

ఇంకొక మాట. మళ్లీ నీళ్లొస్తే? ఈసారి బండికి థర్డ్ పార్టీ ఒక్కటే కాకుండా పూర్తి పాలసీ తీసుకో, వరద నష్టం అందులోనే వస్తుంది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు సామాన్లకి మాత్రమే కూడా ఇన్సూరెన్సు తీసుకోవచ్చు. మీ ఇద్దరి బ్యాంకు ఖాతాల మీదా ఏడాదికి 436 రూపాయల జీవిత బీమా, 20 రూపాయల ప్రమాద బీమా ఉన్నాయో లేదో చూసుకో, ఒక్కోదానికీ 2 లక్షలు. ఆ 456 మిగుల్చుకుని ఎవరూ బాగుపడలేదు.

బెంజిసర్కిల్_బాటసారి:

నన్ను మాస్టారు కొంత నిజమే అన్నారు, ఇవాళ్టికి చాలు. బ్రదర్, నువ్వు అకౌంట్స్ మనిషివి, ఆటోనగర్‌లో చిన్న షాపులకి జీఎస్టీ రిటర్న్‌లు వేసేవాళ్ల కోసం వెతుకుతుంటారు. నాలుగు షాపులు పట్టుకో, ఆ 2,110 లోటు గురించి ఆలోచించే పనుండదు.

ఆటోనగర్_పద్దులు:

మూడు వారాలైంది, చెప్పకుండా పోతే బాగోదని వచ్చాను.

రెండు షాపుల రిటర్న్‌లు ఒప్పుకున్నాను, ఆదివారం పొద్దున పూట చేస్తున్నాను. బైకుకి పూర్తి పాలసీ రెన్యువల్ అప్పుడు మారుస్తాను, 456 మాత్రం ఇద్దరికీ పెట్టించాం, మా ఆవిడకి లేదని అప్పుడే తెలిసింది. ఇంకో విషయం, కార్డు స్టేట్‌మెంట్ చదువుతుంటే ఆటోపేలో రెండు సినిమా యాప్‌లూ పాప ట్యూషన్ యాప్ ఒకటీ నెలనెలా పోతున్నాయి. ట్యూషన్ యాప్ పాప తెరిచి ఏడాదైందట.

బంగారం మాట ఎత్తాను. పాత_బియ్యం అక్క చెప్పినట్టే మొత్తం కాగితం ముందు పెట్టాను. మా ఆవిడ చాలాసేపు ఏం మాట్లాడలేదు, వడ్డీ గడి దగ్గర వేలు పెట్టి "ఇది ఎన్నాళ్ల నుంచి కడుతున్నాం" అని మాత్రం అడిగింది. మర్నాడు పొద్దున తనే అంది, వరదప్పుడు ఆ నగలు మూట కట్టుకుని నడుములోతు నీళ్లలో నడిచాను, బ్యాంకులో ఉంటే కనీసం ఆ భయం ఉండదు అని. శుక్రవారం వెళ్లి పెట్టాం. నోటు చింపించి తెచ్చుకున్నాను, కార్డు బాకీ సున్నా అయింది, కార్డు ఆవిడ దగ్గరే ఉంది, ఎక్కడ దాచిందో నాకు తెలియదు.

వేరే ఖాతాకి ఈ నెల 5,500 వెళ్లింది. మాస్టారూ, ఒకటే తేలలేదు. చదివింపుల పద్దు 10 వేల నుంచి 6కి తగ్గిద్దామని నేను, మనకి పెట్టినవాళ్లకి తక్కువ పెడితే ఎలా అని మా అమ్మ. శ్రావణ మాసంలో మూడు పెళ్లిళ్లున్నాయి. దీనికేమైనా లెక్కుందా?

బ్రాడీపేట_మాస్టారు:

దీనికి లెక్క లేదు బాబూ. మీ అమ్మగారు చెప్పినంత రాసుకో, కోత దసరా బట్టల్లో పెట్టు.